నేల టిక్కెట్టు రాత్రి! - గుణదల కొండ కింద బరకం నీడలో...

నేల టిక్కెట్టు కొని సినిమా చూసినవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది మిగిలారో గానీ, ఆ ముచ్చట పెద్దవాళ్ళ నోట వినని కుర్రాళ్ళు మాత్రం ఉండరు. వెనక కుర్చీ, మధ్యలో బెంచీ, తెర ముందు నేల! కుర్చీలో కూచున్నాయన సినిమా చూసి ఇంటికెళ్ళిపోతాడు. నేల మీద కూచున్నవాడు మాత్రం సినిమాతోపాటు పక్కవాడి నవ్వూ, వెనకవాడి ఈలా, ముందువాడి వేరుశెనక్కాయల తొక్కలూ అన్నీ కలిపి ఇంటికి పట్టుకెళ్తాడు. డబ్బు తక్కువ, సినిమా ఎక్కువ!

నిద్రలో కూడా ఇలాంటి క్లాసులే ఉన్నాయంటే నమ్ముతారా? గాంధీనగరంలో ఏసీ లాడ్జి గది బాల్కనీ అనుకోండి. ఈ మధ్య కుర్రకారు వీపున తగిలించుకు తిరుగుతున్న మడత టెంటు కుర్చీ క్లాసు. మరి నేల టిక్కెట్టో? పైన ఒక బరకం, నాలుగు మూలలా నాలుగు తాళ్ళు, కింద ఒక చాప... అంతే!

నేను ఆ టిక్కెట్టు మీద పడుకున్నది 2024 ఫిబ్రవరి 10 రాత్రి, గుణదల కొండ కింద. టిక్కెట్టు అన్నానే గానీ ఎవరూ పైసా అడగలేదు. ఆ రాత్రి నేర్చుకున్న నాలుగు ముడులు ఏడు నెలలు తిరక్కుండానే పదకొండు మందికి కప్పు అవుతాయని అప్పుడు నాకేం తెలుసు? ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

అన్నట్టు, 'బరకం' అంటే తెలియని పట్నం పాఠకులకి ఒక మాట. టార్పాలిన్‌ని మా కృష్ణా డెల్టాలో బరకం అంటారు. కొన్ని ఊళ్ళలో పట్టా అంటారు. వడ్లు ఆరబోసుకోవడానికి కింద పరిచేదీ అదే, వాన మబ్బు కనిపించగానే రాశి మీద కప్పేదీ అదే, కోతల రోజుల్లో రాశికి కాపలా పడుకున్న రైతు నెత్తిన ఉండేదీ అదే. పాతరోజుల్లో మందపాటి నూలుగుడ్డకి మైనం పట్టించినవి ఉండేవి. మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్కువే. చంకలో పెట్టుకుని సైకిలెక్కొచ్చు.

టెంటు వేషాలు

బెజవాడ నుంచి ఏలూరు వైపు రైలెక్కితే తర్వాత వచ్చే స్టేషనే గుణదల. వేరే ఊరు అనుకునేరు, బెజవాడలో కలిసిపోయిన పేటే. కొండ గుహలో మేరీమాత విగ్రహం, కింద చర్చి, కొండ కొమ్మున శిలువ. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ దేశపు గురువు ఇక్కడ అనాథ పిల్లల ఆశ్రమం చూసుకుంటూ, ఈ కొండ మీద మాత విగ్రహాన్ని నిలిపారు. 1933లో కొండ కొమ్మున 18 అడుగుల ఇనుప శిలువ లేచింది. ఇప్పుడున్న చర్చి 1971 నాటిది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. ఆ తేదీలే ఎందుకంటారా? ఫ్రాన్సు దేశంలో లూర్దు అనే ఊరి గుహలో మేరీమాత ఒక పేదపిల్లకి మొదటిసారి కనిపించిందని చెప్పే రోజు 1858 ఫిబ్రవరి 11. గుణదల మాత ఆ లూర్దు మాతే.

తిరునాళ్ళు అంటే మాటలు కావు, లక్షల్లో జనం! క్రైస్తవులే అనుకోకండి. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కొబ్బరికాయలు కొడుతుంటారు, చంటిపిల్లలకి తలనీలాలు తీయిస్తుంటారు. ఇంత జనానికి లాడ్జీలు ఎక్కడ సరిపోతాయి? సరిపోవు. కొండ వాలులో, రోడ్డు వారన, ఖాళీ జాగాల్లో... ఎక్కడ చూసినా బరకాలే. నీలం, పసుపు, నలుపు... పొద్దుగూకేసరికి కొండ కింద ఇంకో ఊరు లేస్తుంది.

మేము వెళ్ళింది భక్తితో అని అబద్ధం చెప్పను. నేనూ, నా రూమ్మేటూ సినిమా పిచ్చోళ్ళం. ఏదో సినిమాలో హీరో హీరోయిన్లు కొండ మీద టెంటు వేసుకుని, ముందు చలిమంట వేసుకుని, గిటారు వాయిస్తూ పాటేసుకున్నారు. అంతే! మా వాడు నెలజీతంలో సగం పెట్టి ఇద్దరు పట్టే టెంటు కొనేశాడు. కొని మూడు నెలలైంది, వెయ్యడానికి కొండ లేదు. "అరకూ దాకా ఎందుకురా, గుణదల కొండ లేదూ!" అన్నాను. అలా వెళ్ళాం.

రాత్రి తొమ్మిదింటికి అక్కడ దిగి చూద్దుము గదా... గొంతుక్కూచోడానికి కూడా చోటు లేదు! సినిమాలో హీరో టెంటు వేస్తే చుట్టూ పచ్చికా, కాస్త దూరంలో జలపాతం ఉంటాయి. ఇక్కడ ఇటు ఒక ట్రాక్టరు, అటు ఒక పొయ్యి, మధ్యలో నాలుగడుగుల సందు. పోనీ ఆ సందులోనే ఇరికిద్దామా అంటే నేల నిండా రాయి. మేకు దిగితేనా? మావాడు రాయి తీసుకుని మేకుని కొట్టాడు. మేకు వంగింది. ఇంకోటి కొట్టాడు. ఎగిరి పక్కవాళ్ళ అన్నం గిన్నె మూతకి తగిలి ఠంగుమంది!

అన్నం గిన్నె వెనక నుంచి ఒక ముసలామె తల ఎత్తింది. తిడుతుందనుకున్నాం.

"ఏంది నాయనా అది? గొడుగా?"

"టెంటండీ మామ్మగారూ."

"ఎంతమంది పడతారు?"

"ఇద్దరు."

ఆవిడ ఆ టెంటు వంకా, మా వంకా, చుట్టూ ఉన్న జనం వంకా ఓసారి చూసింది. "ఇంత తిరునాళ్ళకి ఇద్దరు పట్టేది తెచ్చారా!" అని నవ్వేసింది. "అది మడిచి తలకింద పెట్టుకోండి. ఇటు రండి, జరుగుతాం."

జరిగారు! అవనిగడ్డ దగ్గర్నుంచి ట్రాక్టరు మీద వచ్చిన కుటుంబం అది. ఆమె, ఆమె కొడుకూ కోడలూ, ముగ్గురు పిల్లలూ, ఇంకెవరో చుట్టాలూ... మొత్తం తొమ్మిది మంది. మాతో పదకొండు. ఆ బరకం మొన్న సంక్రాంతి దాకా వడ్ల మీద కప్పినదట. దగ్గరికెళ్తే ఇంకా ఊక వాసన వస్తూనే ఉంది.

బరకం కట్టడమూ ఒక విద్యే సుమా!

"పైన ఒక గుడ్డ కప్పుకోవడానికి విద్య ఏమిటి?" అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ కొడుకు - నేను 'బాబాయ్‌గారూ' అని పిలిచాను - మాకు చోటు కోసం బరకం విప్పి మళ్ళీ కడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. ఫైట్ మాస్టరు కూడా అంత లెక్కగా తాడు కట్టడు!

మొదట ట్రాక్టరు ట్రక్కు అంచు నుంచి ఎదురుగా ఉన్న వేపచెట్టుకి ఒక మోకు బిగించాడు. అది ఇంటికి దూలం అన్నమాట. దాని మీంచి బరకం వేసి, గాలి వచ్చే వైపు అంచుని మోకాలి ఎత్తుకి దించి కట్టాడు. రెండోవైపు వెదురు గెడల మీద మనిషి ఎత్తుకి లేపాడు. గాలి వెళ్ళి తక్కువ వైపు కొట్టుకుంటుంది, మనుషులు ఎక్కువ వైపు నుంచి వచ్చిపోతారు. నాలుగు పక్కలా సమానంగా కడితే చూడ్డానికి బావుంటుందట గానీ, గాలి లోపల దూరిందంటే బరకం తెరచాపలా ఉబ్బి గెడలతో సహా లేచిపోతుందట.

బరకానికి ఒక మూల కన్నం చిరిగిపోయి ఉంది. తాడు దేనికి కడతాడా అని చూస్తున్నా. చిన్న గులకరాయి ఏరి, బరకం మూలలో పెట్టి, గుడ్డలో అణా మూట కట్టినట్టు చుట్టి, ఆ మెడకి తాడు బిగించాడు. ఎంత లాగినా జారదు! తాడు ఇవతలి కొసని మాత్రం జారుముడి వేశాడు. "అర్ధరాత్రి గాలి లేచిందనుకో, చీకట్లో చేత్తో తడిమి ఒక్క లాగు లాగితే ఊడాలి. గట్టిముడి వేస్తే కత్తి వెతుక్కోవాల్సొచ్చుద్ది" అన్నాడు.

ఇంకో చమత్కారం చూడండి. వాన పడితే నీళ్ళు తాడు వెంట జారుకుంటూ లోపలికి వచ్చేస్తాయి. అందుకని దూలపు మోకుకి, బరకం బయటే, ఒక గుడ్డపీలిక కట్టి వేలాడదీశాడు. జారిన నీళ్ళు ఆ పీలిక పట్టుకుని కిందకి దిగిపోతాయి, లోపలికి రావు. "ఫిబ్రవరిలో వానేంటండీ బాబాయ్‌గారూ" అన్నాను. "అలవాటు" అన్నాడు.

ఆ అలవాటు ఎక్కడ్నుంచి వచ్చిందో కాసేపటికి తెలిసింది.

తెర లేని సినిమా

పన్నెండు దాటింది. కొండ మీద దీపాలు, మైకులో పాటలు, మెట్ల మీద ఇంకా ఎక్కుతూ దిగుతూ జనం. టెంటులో పడుకుంటే జిప్పు లాగేస్తాం. ఆ తర్వాత లోకం లేదు, మనమూ మన గురకా అంతే! బరకం కింద అలా కాదు. పడుకునే అన్నీ చూస్తుంటాం. పక్క బరకంలో చంటిపిల్ల ఏడుస్తుంటే ఇటు బరకంలో ఆవిడ జోల పాడుతుంది. ఎవరో తాతగారు చీకట్లో తన బరకం మర్చిపోయి మా కాళ్ళ దగ్గర కూలబడితే, మా మామ్మగారి మనవడు చెయ్యి పట్టుకెళ్ళి దించొచ్చాడు. నాలుగేళ్ళ బుడ్డోడు దొర్లుకుంటూ వచ్చి నా దుప్పటి సగం లాక్కున్నాడు. తెల్లారేదాకా తిరిగిస్తేనా!

మంచు సంగతి కూడా చెప్పాలి. బరకం లేకుండా ఆరుబయట పడుకున్నవాళ్ళ దుప్పట్లు తెల్లారేసరికి పిండితే నీళ్ళు కారేట్టున్నాయి. మావి పొడిగా ఉన్నాయి. మంచు వానలా పైనుంచి పడేది కాదు. మబ్బు లేని రాత్రి నేలా, దుప్పటీ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడతాయి. ఆ చల్లటి గుడ్డని తాకిన గాలిలో తేమ నీరైపోతుంది. మధ్యలో బరకం అడ్డుంటే ఆ చల్లబడేది అదీ, తడిసేది అదీ. మనం హాయిగా ఉంటాం. మూసిన టెంటులో అయితే మనం వదిలిన ఊపిరే లోపలి గుడ్డకి అంటుకుని చుక్కలై మొహాన పడుతుంది. బరకానికి పక్కలు లేవు గనక ఆ బాధ లేదు. బాధల్లా దోమలే!

నిద్రపట్టక నేను మామ్మగారితో మాట కలిపాను. మాటల్లో సినిమాలు వచ్చాయి. వాళ్ళ ఊళ్ళోకి టూరింగ్ టాకీసు వచ్చేదట. డేరా హాలు! ఉక్కపోస్తే పక్క పరదాలు ఎత్తి కట్టేవారట. ఆ సందులోంచి టిక్కెట్టు లేని పిల్లలు పాక్కుంటూ దూరేవారట. "నువ్వూ దూరావా మామ్మా?" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ జవాబు చెప్పలేదు.

మీకు తెలుసో లేదో, మన సినిమా పుట్టిందే డేరా కింద. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్యనాయుడుగారు మా డెల్టావారే, 1869లో బందరులో పుట్టారు. 1910 ప్రాంతంలో బొమ్మల మిషనూ, డేరా వెంటపెట్టుకుని ఊరూరా తిరిగి జనానికి సినిమా చూపించారు. బాల్కనీలూ, డీటీఎస్‌లూ అన్నీ ఆ గుడ్డ కప్పు తర్వాత వచ్చినవే!

"మళ్ళీ డేరా హాలు ఎప్పుడొచ్చింది మామ్మా?" అన్నాను ఊరికే.

"రాలా. ఉప్పెనొచ్చింది" అంది.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మీరు పుట్టకముందు మాట. ఒక్క రాత్రి సముద్రం ఊళ్ళ మీదకి వచ్చేసి వేలమందిని తీసుకుపోయింది. అప్పటికి ఆవిడ కొత్తగా పెళ్ళై కాపరానికి వచ్చిన పిల్ల. ఇల్లు పోయింది, గొడ్డూ గోదా పోయాయి. ఇంట్లో ఎవరు పోయారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ఎవరో ఇచ్చిన ఒక బరకం కింద నాలుగు కుటుంబాలు వారాల తరబడి ఉన్నారట. "ఎన్టీరామారావూ, నాగేస్సర్రావూ జోలె పట్టుకుని రోడ్డెక్కారంట మా కోసం. అందరూ చెప్పుకునేవాళ్ళు" అంది. నిజమే. ఆ పెద్ద హీరోలిద్దరూ దివిసీమ బాధితుల కోసం జనంలో తిరిగి విరాళాలు పోగుచేశారు.

"మరి ఆ బరకం కింద మీకూ వాళ్ళకీ గొడవలు రాలేదా మామ్మా, నాలుగు కుటుంబాలంటే?"

"ఎందుకు రాలా! రోజూ వచ్చేయి. వానొస్తే మళ్ళీ అందరం కలిసి మూలలు పట్టుకునేవాళ్ళం. నేను పట్టుకోను, నీతో మాటల్లేవు అంటే ఎట్టా? అందరం తడుస్తాం గదా!"

అని అటు తిరిగి పడుకుంది. ఇంటర్వెల్ కూడా ఇవ్వకుండా అయిపోయిన సినిమాలా అనిపించింది నాకు. పైన బరకం చిన్నగా ఆడుతోంది. తాడుకి కట్టిన ఆ గుడ్డపీలిక చీకట్లో ఊగుతోంది. ఫిబ్రవరిలో దాన్ని ఎందుకు కట్టారో ఇక మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

తెల్లారి టీ తాగి, నమస్కారం పెట్టి, విప్పని టెంటు వీపున వేసుకుని వచ్చేశాం. "ఈసారొస్తే పెద్దది తెచ్చుకోండి" అంది మామ్మగారు. ఫోన్ నెంబరు కూడా తీసుకోలేదు చూడండి, బుద్ధి తక్కువ!

ఇంటర్వెల్ తర్వాత...

ఇక ఇక్కడ్నుంచి కథ మలుపు తిరుగుతుంది.

మేము అద్దెకున్నది సింగ్ నగర్ వైపు ఒక సందులో, కింది వాటాలో. 2024 ఆగస్టు 31న మొదలైన వాన రాత్రంతా కురుస్తూనే ఉంది. సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరుకి గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, బ్యారేజీ చరిత్రలోనే పెద్ద వరద! లేచేసరికి మంచం కింద చెప్పులు తేలుతున్నాయి. ఫోన్లూ, సర్టిఫికెట్లూ నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కేసరికి మెట్ల దగ్గర నీళ్ళు నడుము దాటాయి.

మేడ మీద ఓనరుగారి రెండు గదులు. ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడ సర్దుకున్నారు. మిగిలినవాళ్ళం డాబా మీద. లెక్కపెడితే... మళ్ళీ పదకొండు! కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. పక్క వాటాలో ఉండే తాతగారికి ఆయాసం. ఫ్యాను ఆడని గదిలో అంతమంది మధ్య ఆయనకి ఊపిరాడటం లేదు. బయటికి తెస్తే జల్లు. లోపల పెడితే ఉక్క. ఆయన కోడలు ఏడుపు మొహంతో మా వంక చూస్తోంది.

మావాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. "టెంటు!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

అటక మీద పెట్టాం గనక అది తడవలేదు. కానీ ఇద్దరు పట్టే టెంటులో తాతగారిని పెట్టి జిప్పు లాగితే ఆయన గతి ఏం కాను? అప్పుడు గుర్తొచ్చింది మామ్మగారి నవ్వు. టెంటు మీద వాన ఆగడానికి వేసే పైగుడ్డ ఉంటుంది చూశారూ, దాన్ని మాత్రం ఊడదీశాం. నీళ్ళ ట్యాంకు పైపుకీ, మెట్లగది కిటికీ ఊచకీ మధ్య బట్టలారేసుకునే తాడు కట్టాం. గాలివైపు కిందికి, మనుషుల వైపు పైకి! మూలల్లో డాబా మీద దొరికిన కంకరరాళ్ళు చుట్టి బిగించాం. తాడుకి నా జేబురుమాలు చింపి పీలిక కట్టాను. జల్లు పడింది. నీళ్ళు తాడు వెంట వచ్చి... పీలిక దగ్గర ఆగి... కిందకి దిగిపోయాయి. లోపలికి ఒక్క చుక్క రాలేదు! నా జన్మలో ఏ హీరో ఎంట్రీకీ అంత సంతోషపడలేదు.

అయితే ఆ గుడ్డ చిన్నది. తాతగారికీ, ఇంకో ముగ్గురికీ సరిపోయింది. మిగతావాళ్ళం? పై వాటా కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. తన హీరో సినిమా విడుదలకి హాలు ముందు కట్టిన ఫ్లెక్సీని తెచ్చి అటక మీద దాచుకున్నాడట. "చెత్తంతా ఇంట్లో పెడతాడు" అని వాళ్ళమ్మ రోజూ తిట్టేది. ఆ చెత్తే దిగొచ్చింది! పన్నెండడుగుల ఫ్లెక్సీ, నీళ్ళు దిగవు. ఒక్కటే తగువు - హీరో మొహం పైకి పెట్టాలా, కిందకి పెట్టాలా అని. "పైకి పెడితే తడుస్తాడన్నా" అన్నాడు కుర్రాడు. కిందకే పెట్టాం. రెండు రాత్రులు ఆ హీరో చిరునవ్వు కింద పడుకున్నాం. ఏ హీరో అని అడగకండి, మిగతా హీరోల అభిమానులు నా మీదకి వస్తారు!

సరదాగా చెబుతున్నాను గానీ, ఆ రెండు రాత్రులూ సరదా కాదు. కింద నల్లటి నీళ్ళు. పాము ఏదో గోడ పక్కనుంచి ఈదుకుంటూ పోతే టార్చి వేసి చూస్తూ కూచున్నాం. తాతగారి ఊపిరి చప్పుడు వినిపిస్తుంటే భయం, వినిపించకపోతే ఇంకా భయం. వంతులు వేసుకుని ఆయన పక్కన మేలుకున్నాం. ఎన్నడూ మాట్లాడుకోని వాటాలవాళ్ళం. నీళ్ళ మోటారు దగ్గర పోట్లాడుకున్నవాళ్ళం కూడా ఉన్నాం అందులో. గాలి లేచినప్పుడల్లా తలా ఒక మూలా పట్టుకున్నాం. మూడో రోజు మా సందులోకి పడవ వచ్చింది. మొదట తాతగారిని ఎక్కించాం. కోలుకున్నారు. ఇప్పుడు బాగున్నారు.

పడవ ఎక్కబోతూ ఆయన పైన కట్టిన గుడ్డ వంక చూసి, "ఈ కట్టడం ఎవరు నేర్పారయ్యా మీకు?" అన్నారు.

"గుణదలలో ఒక మామ్మగారు, తాతగారూ."

మళ్ళీ గుణదల

2025 ఫిబ్రవరి 10 రాత్రి మళ్ళీ వెళ్ళాం. ఈసారి టెంటు లేదు. దాని పైగుడ్డ చిరిగిపోయింది, మిగతాది బురదలో పోయింది. 18 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు బరకం ఒకటీ, నైలాన్ తాడు చుట్టా తీసుకెళ్ళాం. అవనిగడ్డ ట్రాక్టరు కోసం ఆ వేపచెట్టు దగ్గరా, ఆ చుట్టుపక్కలా అర్ధరాత్రి దాకా వెతికాం. కనపడలేదు. లక్షల మందిలో ఎక్కడని వెతుకుతాం? ఎక్కడో ఒక చోట ఉండే ఉంటారు, లేదా ఆ యేడు రాలేదేమో. చెప్పాల్సిన కబురు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఈ వ్యాసం చదివిన వాళ్ళెవరైనా ఆ వైపు వాళ్ళుంటే, గులకరాయి ముడి పనికొచ్చిందని ఆ మామ్మగారికి చెప్పండి.

మేము బరకం కట్టుకున్నాక ఒక ముసలి దంపతులు, చేతిలో ఒక్క దుప్పటితో, అటూ ఇటూ చూస్తూ పోతున్నారు. "ఇటు రండి బాబాయ్‌గారూ, జరుగుతాం" అన్నాడు మావాడు. తెల్లారేసరికి మా బరకం కింద పద్నాలుగు మంది తేలారు. వాళ్ళలో ఇద్దరి గురక విని ఉంటే డీటీఎస్ వాళ్ళు కూడా సిగ్గుపడేవాళ్ళు!

ఇక, ఈ నేల టిక్కెట్టు మీద మోజు పుట్టిన పాఠకులకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఎంతమంది వెళ్తున్నారో అంతకి రెట్టింపు మందికి సరిపడే బరకం తీసుకెళ్ళండి. ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. తాడు వీలైనంత ఎక్కువ పెట్టుకోండి, ఎంత ఉన్నా చాలదు. గుంటలో కట్టకండి. వాన పడితే నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి. కొంచెం మెరక చూసుకోండి. బరకం మధ్యలో బొజ్జలా దిగకుండా బిగించండి, నీళ్ళు నిలిచాయంటే అర్ధరాత్రి నెత్తిన అభిషేకమే. దాని కింద పొయ్యి మాత్రం వెలిగించొద్దు, ప్లాస్టిక్కు అంటుకుంటే ఆర్పడం మీ తరం కాదు.

దోమతెర మర్చిపోకండి. బెజవాడ దోమలకి నేలా, బెంచీ, బాల్కనీ అన్న తేడాలేం లేవు... అందరినీ సమానంగా కుడతాయి!